తోడు సీసా

ల్యాబులో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. ఆ పేరు మొదటిసారి ఇంటికి మోసుకొచ్చిన రోజున ఆమె భర్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "కాస్త మెల్లిగా చెప్పవే, పక్కింటివాళ్ళు వింటే నేను తెస్తుంటే నువ్వు దాస్తున్నావనుకుంటారు" అన్నాడు. ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. అందుకే ఆ వేళాకోళం ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి చెల్లింది.

ఆమె సీసాలు వేరే రకం. రెండో అంతస్తులో కిటికీ లేని ఒక గది. అందులో ఇనప్పెట్టెలాంటి వెచ్చటి పెట్టె, మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో అంతే వేడి దాని లోపల. వరసకి ఏడు చొప్పున ఏడు వరసల గాజు సీసాలు, వాటినిండా ఉప్పునీళ్ళు, ఒక్కో సీసాలో మునిగి ఒక్కో మెత్తటి ముక్క. చిటికెన వేలంత పొడుగు, నడుము సన్నం, రెండు కొసలూ వెడల్పు. కంటికి ఎముకలా ఉంటుంది, పట్టుకుంటే చెవి తమ్మెలా మెత్తగా ఉంటుంది.

గుండె కొట్టుకోవడం మందగించినవాళ్ళకి భుజం దగ్గర చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, అక్కణ్ణించి గుండెలోకి ఒక తీగ దించుతారు. ఆ తీగకి తొడుగు వేసే పదార్థం అది. ఒకసారి లోపల పెట్టాక పదేళ్ళో పదిహేనేళ్ళో ఉండాలి. ఉబ్బకూడదు, బిరుసెక్కకూడదు, తనలో ఉన్నదేదీ ఒంట్లోకి వదలకూడదు. వదిలిందంటే మెత్తదనం పోతుంది, మెత్తదనం పోయాక గుండె కొట్టుకున్నప్పుడల్లా వంగి వంగి ఒకనాటికి పగులుతుంది. తొడుగు పగిలితే ఆ మనిషి సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకని మనుషుల్లో పెట్టేముందు సీసాల్లో పెట్టి చూస్తారు. "కొత్తల్లుడి మంచితనం మూడు నెలలు ఇంట్లో ఉంచుకుంటేగానీ తెలీదు, ఇదీ అంతే" అనేది అక్క.

అక్క అంటే తోడబుట్టింది కాదు. పరీక్షల విభాగానికి పెద్ద. గోడనిండా పట్టాలున్న మనిషి. సీసాలమ్మ పదో తరగతి గట్టెక్కలేక ఆగిపోయిన మనిషి. గాజుసామాను కడగడానికి వచ్చింది. వచ్చిన రెండో నెలలో అక్క గుమ్మంలో నిలబడి ఆమె సీసాలు తుడవడం చాలాసేపు చూసింది. నలభై సీసాలు తుడిస్తే నలభైకీ ఒకటే ఒత్తిడి, ఒకటే తిప్పు, ఒక్కదాని మీదా నూగు లేదు. ఆ మర్నాడే తూకం నేర్పడం మొదలుపెట్టింది. "చదువు నాకుంది, చెయ్యి నీకుంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అంది. ఆ మాట సీసాలమ్మ భర్తకి చెప్పింది, కూతురికి చెప్పింది, పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలకి కూడా చెప్పింది.

తూకం మంగళవారం. చూడ్డానికి ఏమీ లేని పని, చేస్తేగానీ తెలియదు. వెడల్పు మూతి పటకారుతో ముక్కని కొస దగ్గరే పట్టాలి, నడుము తాకరాదు. నూగు రాలని కాగితం మీద పెట్టి మూడు లెక్కపెట్టేదాకా అద్దాలి, తిప్పి మళ్ళీ మూడు. నాలుగు లెక్కపెడితే లోపలి తడి కూడా పోతుంది, రెండుకే తీస్తే పైతడి మిగిలిపోతుంది. తర్వాత గాజుగదిలాంటి త్రాసులో పెట్టి తలుపులు మూసి ఊపిరి బిగపట్టాలి. ఆఖరి అంకె ఊగడం ఆపాక పుస్తకంలో సిరాతో రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. ఒట్టి వేలితో ముట్టడం మహాపాపం, వేలి జిడ్డు కూడా బరువే. ఒక ఏడాది చేతికి క్రీము రాసుకొచ్చిన పిల్ల ఒకతె నాలుగు నెలల పని ఒక్క పొద్దులో నీళ్ళపాలు చేసింది.

ప్రతి వరసలో మొదటి ఆరూ కొత్త పదార్థం. ఏడోది ఎప్పట్నించో మనుషుల ఒంట్లో నమ్మకంగా ఉంటున్న పాత పదార్థం. దాన్ని తోడు సీసా అంటారు. దాన్నీ అలాగే తీసి, అలాగే అద్ది, అలాగే తూచి రాయాలి. పద్దెనిమిదేళ్ళు రాసింది. రాసి రాసి, ఎందుకు రాస్తున్నామో అడగడం ఎప్పుడో మానేసింది.

ఆ కొత్త పదార్థం సీసాల్లోకి దిగిన తొమ్మిదో వారంలో ఆమె భర్త పోయాడు. మూడు రోజుల జ్వరం. పొద్దున జావ తాగి, మధ్యాహ్నం ఎవరినో పిలిచినట్టు చెయ్యెత్తి, అంతే. ఆయనకి జబ్బు చేసిందని తెలిసి చూడ్డానికి బయల్దేరిన చుట్టాలు చావుకి వచ్చారు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. మిగిలింది అక్క. పదహారు రోజులు వరసగా సాయంత్రం పని ముగించుకుని నేరుగా వాళ్ళింటికి వచ్చేది. చెప్పులు విప్పి, మంచం పక్కన నేల మీదే కూర్చునేది. కూతురు చేతిలోంచి పళ్ళెం తీసుకుని తను కలిపి తినిపించేది. చిక్కులు పడ్డ జుట్టు విడదీసి జడ వేసేది. తోడబుట్టినవాళ్ళకి చెప్పనివి, కడుపున పుట్టినదానికి చెప్పుకోలేనివి సీసాలమ్మ ఆమెకి చెప్పుకుంది. ఆఖరి రోజు పొద్దున ఆయన మూడోసారి మంచినీళ్ళడిగితే విసుక్కున్నానని చెప్పింది. చేతిలో వస్తువులు నిలవడం లేదని చెప్పింది.

"నా చెయ్యి నా మాట వినడం లేదక్కా. గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీడం లేదు."

అక్క ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఇన్నేళ్ళ చెయ్యి ఎక్కడికీ పోదు, ఏడ్చినన్నాళ్ళు ఏడవనీ దాన్ని, అంది.

పన్నెండో వారంలో సీసాలమ్మ పనిలోకి వచ్చింది. తను లేని మూడు వారాలూ నీళ్ళు మాత్రం బాబాయి మార్చాడు. బాబాయి ముక్కల్ని యంత్రానికి తగిలించి తెగేదాకా లాగే మనిషి. ల్యాబు మొత్తానికి బాబాయి. "నువ్వు పెంచుతావు, నేను చంపుతాను, మనకెందుకమ్మా పొత్తు కుదిరింది?" అనేవాడు. ఆ మూడు వారాలూ తూకం ఎవరూ పట్టలేదు. సీసాలమ్మ పడితే తప్ప పట్టొద్దని అక్కే చెప్పిందట.

మొదటి మంగళవారం తూచింది. కొత్త ముక్కల బరువు తగ్గింది. తగ్గడమంటే ఆవగింజని వంద ముక్కలు చేస్తే అందులో ఒకటి. కానీ తగ్గింది. ఆ తర్వాతి మంగళవారం ఇంకొంచెం. పద్నాలుగో వారానికి నలభై రెండు ముక్కల్లో ఒక్కటీ మొదటి బరువు మీద నిలవలేదు. నీళ్ళలో నానుతున్న ముక్కలు బరువు తగ్గుతున్నాయంటే లోపలిదేదో బయటికి పోతోంది.

పుస్తకం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క అంకెలు చూసి మళ్ళీ తూచమంది. తూచింది. పదిహేను, పదహారు, పదిహేడు వారాలు. ప్రతిసారీ అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు" అనేది. పద్దెనిమిదో వారంతో ఇక తూకం చాలంది, ఆ తర్వాత ఆ ఊసు ఎత్తడం మానేసింది. సీసాలమ్మ కూడా ఎత్తలేదు. పెద్ద చదువుల సంగతి, అక్క చూసుకుంటుంది కదా అనుకుంది. ఆయన లేని ఆ ఇంటి మెట్లు దిగి పనికి వచ్చేసరికే ఒంట్లో ఉన్న శక్తి సరిపోతోంది.

ఇరవయ్యో వారంలో ఒక సోమవారం అక్క పిలిచి కుర్చీలో కూర్చోమంది. టీ తెప్పించింది. నాలుగు కాగితాలు ముందుకు జరిపి, ఆఖరి కాగితంలో అడుగున వేలు పెట్టి చూపించింది. గురువారం బయట్నించి తనిఖీకి పెద్దాయన వస్తున్నాడు, ఆయన ఒప్పుకుంటే ఈ పదార్థం మనుషుల్లో పెట్టడం మొదలవుతుంది, అందుకు నీ సంతకం ఒకటి కావాలి, అంది. సీసాలమ్మ కలం తీసుకుంది గానీ, పుస్తకంలో చదవకుండా ఏ గీతకీ సంతకం పెట్టని అలవాటు కొద్దీ చదవబోయింది. ముద్దలు ముద్దలుగా ఉన్న పెద్ద మాటలు. కూడబలుక్కుని చదివితే తేలింది ఇది: పన్నెండో వారం నించి పద్దెనిమిదో వారం దాకా తీసిన బరువులు లెక్కలోకి తీసుకోలేదు. తూచిన మనిషికి ఇటీవల భర్త పోవడం వల్ల చేతి నిలకడ తప్పింది. ఆ సంగతి ఆమే స్వయంగా చెప్పుకుంది.

టీ మీద మీగడ కట్టేదాకా ఆమె ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

ఇది నీ మంచికే అంది అక్క. నిన్నెవరూ ఏమీ అనరని నాలుగు విధాల చెప్పింది. సీసాలమ్మకి కోపం రాలేదు. వచ్చింది సిగ్గు. నిజమే కదా, నా చెయ్యి నా మాట వినడం లేదని నేనే అన్నాను కదా, అనుకుంది. నలభై రెండు ముక్కల్ని తనే పాడుచేసిందా? ఇన్నేళ్ళ నమ్మకాన్ని తన ఏడుపుతో నీళ్ళలో కలిపిందా? సంతకం రేపు పెడతానక్కా, కళ్ళు తిరుగుతున్నాయి అని చెప్పి, కాగితాలు తీసుకుని లేచింది.

ఇంట్లో కూతురు బట్టలు మడతపెడుతోంది. కాలేజీలో రెండో ఏడు, తండ్రి నోరే వచ్చింది. తల్లి మొహం చూసి ఏమిటని అడిగింది. సీసాలమ్మ సూదీ దారం తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడింది. మొదటిసారికే దారం ఎక్కింది. లాగేసి మళ్ళీ ఎక్కించింది. నాలుగోసారికి కూతురు వచ్చి చేతిలోంచి సూది లాక్కుంది.

"ఏం చేస్తున్నావమ్మా? బొంతలు కుట్టే పని దొరికిందా?"

చెప్పింది. కూతురు అంతా విని, "అయితే ఏడు వారాలూ నువ్వు తూచినవన్నీ తప్పేనా?" అంది.

"అన్నీ తప్పేనట."

"ఏవేం తూచావు?"

సీసాలమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పుకొచ్చింది. వరసకి ఆరు కొత్తవి, ఒక తోడు సీసా. ఆ మాట దగ్గర నోరు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళ కిందట, పని నేర్పేటప్పుడు అక్క తన పక్కన నిలబడి చెప్పిన పాఠం గుర్తుకొచ్చింది. నీళ్ళు చెడ్డా, త్రాసు చెడ్డా, నీ చెయ్యి చెడ్డా తోడు సీసాకి ముందు తెలుస్తుంది. అది కదిలితే తప్పు మనది. అది కదలకుండా కొత్తది కదిలితే తప్పు కొత్తదానిది. ఈ రెండో మాట మర్చిపోతే మన పని పనే కాదు.

మర్నాడు మంగళవారం. అందరికంటే ముందు వెళ్ళి పుస్తకం తెరిచింది. ఏడు తోడు సీసాలు, ఏడు వారాలు, నలభై తొమ్మిది అంకెలు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ఆఖరి అంకె ఒకటి అటో ఇటో. అంతకు మించి ఒక్కటీ కదల్లేదు. అదే రోజు, అదే చెయ్యి, అదే కాగితం, అదే త్రాసు. చెయ్యి వణికి ఉంటే తోడు సీసాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుద్ధిగా ఆగుతుందా?

అక్క ఇచ్చిన కాగితాల్లో పట్టిక తిరగేసి చూసింది. లెక్కలోంచి తీసేసిన కొత్త ముక్కల బరువులు కూడా అందులో ఉన్నాయి, తోడు సీసాలవి మాత్రం మధ్యలో తెగిపోయాయి. పన్నెండో వారానికి ముందువి ఉన్నాయి, తర్వాతవి లేవు. ఆ పట్టిక అక్క చేత్తో తయారైంది.

ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టింది. చెయ్యి తప్పు కాదని తెలిసినందుకు ప్రాణం లేచిరావాలి. అలా జరగలేదు. చెయ్యి తప్పే అయినా బాగుండేది అనిపించింది. అప్పుడు అక్క నిజంగా నమ్మి రాసిందని తనకి తను చెప్పుకోవచ్చు.

అక్క గదికి వెళ్ళి కాగితాలు బల్ల మీద పెట్టింది.

"తోడు సీసాల అంకెలు ఇందులో లేవేంటక్కా?"

అక్క కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పలేదు. కాగితంలో చోటు చాలలేదంది.

"ఏడు గీతలక్కా. ఏడు గీతలకి చోటు లేకపోయిందా?"

అక్క లేచి తలుపు మూసింది. కూర్చోమంది. సీసాలమ్మ కూర్చోలేదు. అప్పుడు అక్క చెప్పడం మొదలుపెట్టింది, ముందు మెల్లిగా, తర్వాత గుక్క తిప్పుకోకుండా. నాలుగేళ్ళ పని ఇది. పైవాళ్ళు ఇంకో పరీక్షకి ఒప్పుకోరు, ఈ విభాగమే ఎత్తేస్తారు. అయినా ఉప్పునీళ్ళు ఉప్పునీళ్ళే, ఒళ్ళు ఒళ్ళే. సీసాలో తగ్గింది ఒంట్లో తగ్గాలని ఎక్కడుంది? కుందేళ్ళలో పెట్టిన ముక్కలు ఇంకా బయటికి తియ్యనేలేదు, అవి బాగానే ఉండొచ్చు.

"ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు" అంది సీసాలమ్మ.

"నీ చెయ్యి అని రాస్తే నీకు పోయేదేముందే? నిన్నెవరూ తియ్యరు. మొగుడు పోయిన మనిషి, చెయ్యి వణికింది, అందరూ అయ్యో అంటారు. పదార్థం చెడ్డదని రాస్తే పోయేది నేను."

"అయ్యో అనిపించుకోడానికా మీకు చెప్పుకున్నాను?"

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చెయ్యి తప్పు కాదని మీకు ముందే తెలుసు కదక్కా?"

 అక్క బల్ల మీద కాగితాల అంచులు సమంగా సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. తన పక్కన నేల మీద కూర్చుని అన్నం కలిపిన మనిషి ఈ మనిషేనా అని చూస్తూ నిలబడింది సీసాలమ్మ. ఆ పదహారు రోజుల్లో ఏ రోజున ఈ ఆలోచన పుట్టి ఉంటుంది? జడ వేస్తున్నప్పుడా? చెయ్యి పట్టుకున్నప్పుడా? లేక అప్పుడు అంతా నిజమే అయ్యుండి, తర్వాత అవసరం పడ్డాక గుర్తొచ్చిందా? ఏది ఎక్కువ బాధో ఆమెకి తేలలేదు. సంతకం పెట్టనని మాత్రం చెప్పి, కలం అక్కడే పెట్టి బయటికి వచ్చింది.

రెండు రోజులూ తన పని తను చేసింది. గురువారం పొద్దున బాబాయి ఆమెని మెట్ల దగ్గర ఆపాడు. ల్యాబంతా అప్పటికే గుప్పుమంది. సంతకం లేకపోయినా కాగితం వెళ్తోందట, దుఃఖంలో ఉండి రాలేకపోయిందని అక్క చెప్తుందట. బాబాయి ఎప్పుడూ నవ్వించేవాడు, ఆ రోజు నవ్వలేదు.

"వణికే చెయ్యి అటూ ఇటూ పోతుంది గానీ వారం వారం ఒకే దారిలో నడవదమ్మా. నాకూ ఆ ముక్కలు లాగుతుంటే తేడా తెలుస్తోంది, నేను నోరు మూసుకున్నాను. తెగిన ముక్కలు చూపించడానికి నన్ను లోపలికి పిలుస్తారు. తలుపు నేను తీస్తాను. నడవాల్సింది నువ్వు."

తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె అతని వెనకే లోపలికి వెళ్ళింది. పొడుగాటి బల్ల, అయిదుగురు మనుషులు. నడుమ నెరిసిన జుట్టు పెద్దాయన కాగితాలు తిప్పుతున్నాడు. ఆయన పక్కన అక్క. ఎవరమ్మా మీరు అని ఆయన అడిగాడు.

"సీసాలు చూసే మనిషినండి. అందులో చెయ్యి నిలకడ తప్పిందని రాసింది నా గురించే."

గదిలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. పెద్దాయన ఆమెని కూర్చోమన్నాడు. మీ ఆయన పోయింది నిజమేనా అని అడగడానికి ఆయనకే మొహమాటం వేసింది, అయినా అడిగాడు. నిజమేనంది. చెయ్యి మాట వినడం లేదని మీరే అన్నారట కదా?

"అదీ నిజమేనండి. మేడం గారితో అన్నాను. మా ఇంట్లో, మంచం మీద పడుకుని అన్నాను."

అక్కని ఆమె మేడం గారని పిలవడం ఇన్నేళ్ళలో ఎవరూ వినలేదు. అక్క తల దించుకుంది. సీసాలమ్మ పుస్తకం తెరిచి, తోడు సీసాల గీతల మీద వేలు పెట్టి పెద్దాయన ముందుకి జరిపింది. ఆ పైన ఒక్క మాటే అంది, నా చెయ్యి వణికితే వీటికీ వణకాలి కదండీ, అని.

ఆయన చదివాడు. తర్వాత కాగితాల్లోని పట్టిక తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాడు. తర్వాత లేచి, ఆ గది ఎక్కడుందో చూపించమన్నాడు. ఆయన చూస్తుండగా ఆమె పది ముక్కలు తూచింది, అవే పది ఇంకోసారి తూచింది. పటకారు అందుకునేముందు చేతులు వణికాయి, అందరూ చూశారు. ముక్కని పట్టుకున్నాక వణకలేదు. రెండుసార్లూ అంకెలు ఒకటే వచ్చాయి. పెద్దాయన ఆమె కలం అడిగి తీసుకుని, పుస్తకంలో ఆ పేజీ అడుగున తన సంతకం పెట్టాడు.

పదార్థం ఆగిపోయింది. కుందేళ్ళ దగ్గర్నించి ముక్కలు వచ్చేదాకా ఏమీ జరగకూడదన్నారు. నాలుగు నెలలకి అవి వచ్చాయి. బాబాయి ఆమెని పిలిచి భూతద్దం కింద పెట్టి చూపించాడు. ఎండిపోయిన మడుగు అడుగులా, మెత్తటి తొడుగంతా సన్నటి బీటలు. కుందేలు ఒంట్లో అన్నాళ్ళకే ఇలా అయితే, అని బాబాయి మాట పూర్తి చేయలేదు. ఎక్కడో ఎవరికో ఆ తీగ దించుండేవారు. వాళ్ళెవరో వీళ్ళకి తెలియదు, వాళ్ళకీ ఎప్పటికీ తెలియదు.

విభాగాన్ని ఎవరూ ఎత్తెయ్యలేదు. అక్కని కూడా తియ్యలేదు. పొరపాటు అన్నారు, పక్క భవనంలో వేరే పని అప్పగించారు. సీసాలమ్మకి సీసాలు అలాగే ఉన్నాయి. కానీ క్యాంటీనులో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి రావడం కొందరు మానేశారు. గాజుసామాను కడుక్కునేదాన్ని పైకి తెచ్చిన మనిషిని, చావింట్లో పదహారు రోజులు చాకిరీ చేసిన మనిషిని పదిమందిలో నిలబెట్టింది, అన్నం పెట్టిన చేతినే కరిచింది, అన్నారు. ఆమె చెవిన పడేలాగే అన్నారు. వాళ్ళకి ఏమని చెప్తుంది? అన్నం పెట్టింది నిజం. జడ వేసింది నిజం.

భర్త పోయి ఏడాది కావొస్తుండగా ఒక ఆదివారం అక్క ఇంటికి వచ్చింది. కూతురు బయటికి వెళ్ళింది. సీసాలమ్మ ఆ పొద్దున్నే బీరువాలోంచి ఆయన చొక్కాలన్నీ తీసి మంచం మీద పరిచింది. ఎవరికైనా ఇచ్చేద్దామని తీసి, ఇవ్వలేక కూర్చుని ఉంది. ఆయన దగ్గు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే రావడం లేదు. గొంతు గుర్తుంది, నవ్వు గుర్తుంది, దగ్గు మాత్రం పోయింది. పొద్దుట్నించీ అదే వెతుక్కుంటోంది.

అక్క గుమ్మంలో చెప్పులు విప్పింది. చిక్కిపోయింది. లోపలికి వచ్చి, ఆ మంచం పక్కన, ఆ నేల మీదే కూర్చోబోయి, ఆగి, కుర్చీలో కూర్చుంది. చొక్కాల వైపు చూసింది.

"ఎలా ఉంటున్నావే?" అంది.

సీసాలమ్మ నోటిదాకా వచ్చింది. దగ్గు పోయిందక్కా, ఆయన దగ్గు నాకు గుర్తు రావడం లేదు, అని. ఆ మాట అర్థమయ్యే మనిషి భూమ్మీద ఈవిడ ఒక్కతే. ఆయన పోయిన రోజు నించీ ఇలాంటి మాటలు దాచుకుని దాచుకుని ఈవిడ ముందే మూట విప్పింది.

"బాగానే ఉన్నామండి" అంది. "టీ పెట్టమంటారా?"

అక్క కాసేపు కూర్చుంది. వద్దు, పనుంది, వెళ్తానంది. క్షమించమని అడగడానికే వచ్చిందో, ఊరికే చూసిపోదామని వచ్చిందో, సీసాలమ్మ అడగలేదు. గుమ్మం దాకా సాగనంపింది. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా నిలబడి, తలుపు వేసుకుంది.

సాయంత్రం కూతురు వచ్చి తల్లి కళ్ళు చూసింది. ఏమైందమ్మా అని అడిగింది, పక్కన కూర్చుని మళ్ళీ అడిగింది. ఏం లేదంది సీసాలమ్మ. ఆ పిల్ల మంచిది, ఎవరికీ చెప్పదు, అది తెలుసు. అయినా నోరు పెగల్లేదు. మంచం మీది చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేసింది.